ఉత్తరపు గోడ

ప్రభువా, ఇవాళ కూడా ముసురే.
నిచ్చెన మూడో మెట్టు మీంచి మాట్లాడుతున్నాను,
మోకరించి కాదు. ఈ మోకాళ్లు వంగవు,
వంగితే లేవవు.
నోట్లో నాలుగు మేకులున్నాయి,
మాట ముద్దగా వినబడితే ఏమీ అనుకోకు.

చిలోయే దీవుల్లో చిట్టచివరిది మాది,
పటంలో ఈగ వాలిన మచ్చంత.
ఫాదర్ ఏడాదికోసారి పడవలో వస్తాడు.
మూడు బాప్తిస్మాలు, ఒక పెళ్లి,
ఒక పూట బంగాళదుంపల కూర,
పోటు చూసుకుని వెళ్లిపోతాడు.
మిగతా రోజులన్నీ
ఈ చెక్క చర్చికి నేనూ, వానా.

గుర్తుందా నీకు,
ఇరవై రెండేళ్ల నన్ను కెరటం ఒడ్డుకు విసిరింది.
తమ్ముణ్ణి తన దగ్గరే అట్టిపెట్టుకుంది.
బెలర్మీనోకి ఈత వచ్చు. నాకు రాదు.
"నిన్ను మిగిల్చాడంటే ఏదో పెద్ద పనే ఉంది, ఒనోఫ్రే"
అంది అమ్మ, నా తడి చొక్కా పిండుతూ.
ఆ మాట చాన్నాళ్లు
చెవిలో సముద్రపు నీళ్లలా ఉండిపోయింది.

పెద్ద పని కోసం ఎదురుచూశాను.
వచ్చే ప్రతి పడవా నన్ను తీసుకెళ్లడానికే
అన్నట్టు రేవులో నిలబడ్డాను.
ఎవరూ పిలవలేదు.
ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపే ముసలి ఫిస్కాల్ మాత్రం వచ్చి
ఉత్తరపు గోడ కారుతోందని చెప్పాడు.
ఈలోగా చేద్దాంలే అని సుత్తి పట్టాను.

ఈలోగా.
నలభై ఆరేళ్లు.

లెక్క నీకు తెలియంది కాదు.
ఉత్తరం పూర్తయ్యేసరికి పడమటికి నాచు పడుతుంది,
పడమర అయ్యేసరికి దక్షిణం ఉబ్బుతుంది,
తూర్పు దగ్గరికొచ్చేసరికి
ఉత్తరం మళ్లీ దగ్గుతుంది, నాలాగే.
నాలుగు గోడలూ ఒక్కసారి కొత్తగా నిలబడగా
నేను చూసిన రోజు లేదు.
అలెర్సే మాను నరకడం ఇప్పుడు నేరం,
సైప్రస్ చెక్కపెంకులతో సర్దుతున్నాను. క్షమించు.
కుర్రాళ్లంతా సాల్మన్ చేపల కంపెనీలో చేరారు,
తప్పు పట్టను, అక్కడ నెల తిరిగితే జీతం.

ఒక చలికాలం విసుగెత్తి
సుత్తిని సముద్రంలోకి విసిరేశాను.
విసిరి, నీళ్లు వెనక్కి తీసేదాకా ఒడ్డునే కూర్చుని,
మోకాటి లోతు బురదలో దిగి తెచ్చుకున్నాను.
దాన్ని విశ్వాసం అంటారో
మంచి సుత్తి మీద మమకారం అంటారో
నువ్వే తేల్చు.

నిన్న, చూరు కింద, జల్లు కొట్టని మూల,
నేనెన్నడూ విప్పని పాత అలెర్సే పెంకు ఊడింది.
తిప్పి చూస్తే వెనకవైపు వడ్రంగి పెన్సిల్ రాత.
పేరు లేదు, ఏడాది లేదు.
"ఇంకా వానే" అని ఉంది. అంతే.

నవ్వొచ్చింది.
నవ్వు ఆగాక ఇంకోటేదో వచ్చింది,
దానికి పేరు తెలియదు.
ఆ మనిషీ నాలుగు గోడలు చూసి ఉండడు.
అతని ముందువాడూ చూసి ఉండడు.
చర్చి మాత్రం ఒక్క ఆదివారం తప్పలేదు.
పెద్ద పని ఒక్కడి చేతిలో ఇమడదని చెప్పడం
అమ్మ మరచిపోయిందేమో.

బెలర్మీనో సంగతి ఇంకా ఒప్పుకోను.
అది మనిద్దరి మధ్యా ఉంది.
వచ్చాక మాట్లాడుకుందాం.

కింద నిచ్చెన పట్టుకుని యస్నా ఉంది,
మా చెల్లెలి మనవరాలు, తొమ్మిదేళ్లది,
ముక్కు ఎగబీలుస్తూ.
"ఇదంతా ఎప్పటికి అయిపోతుంది తాతా?"
"మేకు అందుకో" అన్నాను.
అందించింది,
తల నా వైపూ, మొన తన వైపూ పెట్టి.
ఎవరూ నేర్పలేదు.

కొత్త పెంకు వెనక ఏం రాశానో
నువ్వు చూశావుగా.
గోడకు కొట్టేశాను.
దిగుతున్నాను. రేపు పడమర.